స్క్వేర్ కూడా రాంబసేనా మేడమ్?

విశాఖపట్నం నుంచి ఒక లెక్కల టీచర్ రాసిన పొడవాటి ఉత్తరం ఇది. తన పేరూ, బడి పేరూ రాయవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 27 ఏళ్లు. బొబ్బిలి దగ్గర పల్లెటూరు. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, ఆ తర్వాత బీఎస్సీ, బీఈడీ. పెళ్లయ్యాక భర్త ఉద్యోగం వల్ల గోపాలపట్నంలో కాపురం. ఈ జూన్‌లో ఒక ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం బడిలో చేరి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతున్నారు. భిన్నాలు, బీజగణితం చెప్పినన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదట. ఎనిమిదో తరగతిలో చతుర్భుజాల పాఠం దగ్గర చిక్కొచ్చింది. "బొమ్మ కళ్ల ముందే ఉంటుంది, పేరు మాత్రం నోటికి రాదు. రాంబస్ అనాల్సిన చోట ట్రెపీజియం అంటాను. హెక్సాగన్ ఏదో హెప్టాగన్ ఏదో ప్రతిసారీ వేళ్లు లెక్కపెట్టుకుంటాను" అని రాశారు.

ఒకరోజు క్లాసులో ఒక అబ్బాయి లేచి "స్క్వేర్ కూడా రాంబసేనా మేడమ్?" అని అడిగాడు. ఈమె "కాదు, స్క్వేర్ స్క్వేరే, రాంబస్ రాంబసే, కూర్చో" అన్నారు. మర్నాడు వాడు పుస్తకంలో చతురస్రం కూడా రాంబసే అన్న వాక్యం కింద గీత గీసుకొచ్చి చూపించాడు. వెనక బెంచీల్లో నవ్వులు. అప్పటి నుంచి ఎనిమిదో తరగతి పీరియడ్ అంటే కడుపులో తిప్పుతోంది. పేర్లన్నీ చీటీ మీద రాసుకుని అరచేతిలో దాచుకుని వెళ్తున్నారు. అది చాలదన్నట్టు పిల్లల్ని బౌద్ధ స్థూపాలున్న తొట్లకొండకు తీసుకెళ్లినప్పుడు "స్థూపం అంటే సిలిండర్" అని చెబితే, ఒక అమ్మాయి "ఇది సిలిండర్‌లా లేదు కదా మేడమ్" అందట.

ఇంట్లో భర్త "ఆకారాల పేర్లకి ఏడవడమేమిటి, అంత టెన్షనైతే మానెయ్" అంటున్నారు. బడిలో సీనియర్ మాస్టారు "ఎయిత్ నాకిచ్చెయ్యమ్మా, నువ్వు చిన్న క్లాసులు చూసుకో" అంటున్నారు. ఉత్తరం చివర ఆమె అడిగింది ఇది: "నెలగంట పెట్టిన దగ్గర్నుంచి పండగ దాకా రోజూ వాకిట్లో 21 చుక్కల ముగ్గు పుస్తకం చూడకుండా వేస్తాను. ఈ పది పేర్లు ఎందుకు గుర్తుండవు? నేను లెక్కల టీచరుగా పనికిరానా? ఆ క్లాసు ముందు మళ్లీ ఎలా నిలబడాలి? వదిలేయనా?"

జవాబు:

మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. పేర్లు గుర్తుండకపోవడం ఒకటి. చతురస్రం రాంబస్ అవునా కాదా అన్నది ఇంకొకటి. పిల్లల ముందు చిన్నతనమైందన్న బాధ మరొకటి. మీరు మూడింటినీ కలిపేసి "పనికిరానా" అని ఒకే ప్రశ్న చేశారు. విడివిడిగా చూస్తే రెండోదే అసలు ముడి. అది విడిపోతే మొదటిది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ పుస్తకం ప్రకారం ఆ అబ్బాయి మాటే కరెక్టు. నాలుగు భుజాలూ సమానంగా ఉన్న చతుర్భుజం రాంబస్. చతురస్రానికి నాలుగు భుజాలూ సమానమే, కాబట్టి అదీ రాంబసే. నాలుగు లంబకోణాలున్న చతుర్భుజం దీర్ఘచతురస్రం. చతురస్రానికి అవీ ఉన్నాయి, కాబట్టి అది దీర్ఘచతురస్రం కూడా.

అలాగని మీరిచ్చిన జవాబు ఎక్కడా లేనిదేమీ కాదు. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ రాసిన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో 22వ నిర్వచనం సరిగ్గా మీలాగే చెబుతుంది. భుజాలు సమానమై, లంబకోణాలు ఉంటే చతురస్రం. లంబకోణాలుండి భుజాలు సమానం కాకపోతే దీర్ఘచతురస్రం. భుజాలు సమానమై లంబకోణాలు లేకపోతే రాంబస్. అంటే ఆయన లెక్కలో చతురస్రం రాంబస్ కాదు, దీర్ఘచతురస్రమూ కాదు, దేని గది దానిదే. మీరు క్లాసులో అన్న మాట యూక్లిడ్ దగ్గర ఒప్పు, మీ పాఠ్యపుస్తకం దగ్గర తప్పు. మిమ్మల్ని ఓదార్చడానికి ఇదంతా చెప్పడం లేదు. నిర్వచనం అంటే లెక్కలవాళ్లు తమ వీలు కోసం కుదుర్చుకున్న ఒప్పందం. ఏ ఒప్పందంలో మాట్లాడుతున్నామో తెలిస్తే జవాబు తెలుస్తుంది. పిల్లలకు ఈ మాట చెప్పే టీచర్లు తక్కువ.

మరి యూక్లిడ్ పద్ధతిని ఎందుకు మార్చుకున్నారు? పని తగ్గుతుంది కాబట్టి. సమాంతర చతుర్భుజంలో కర్ణాలు ఒకదాన్నొకటి సమద్విఖండన చేసుకుంటాయని ఒక్కసారి నిరూపించామనుకోండి. రాంబస్, దీర్ఘచతురస్రం, చతురస్రం మూడూ సమాంతర చతుర్భుజాలే అని ఒప్పుకుంటే ఆ మూడింటికీ మళ్లీ నిరూపించే పని లేదు. రాంబస్‌లో కర్ణాలు లంబంగా ఖండించుకుంటాయి, దీర్ఘచతురస్రంలో కర్ణాల పొడవులు సమానం. చతురస్రం రెండూ అయింది కనక దానికి రెండు గుణాలూ వస్తాయి. దేని గది దానిదే అని తలుపులేసుకుంటే ప్రతి గదిలోనూ మొదటి నుంచీ నిరూపించుకుంటూ రావాలి.

పిల్లలకు ఇది అర్థం కావడానికి మన ఊరి మాట ఒకటి చాలు. గాజువాక వాళ్లంతా విశాఖ వాళ్లే, విశాఖ వాళ్లంతా గాజువాక వాళ్లు కారు. చతురస్రాలన్నీ రాంబస్‌లే, రాంబస్‌లన్నీ చతురస్రాలు కావు. ఎనిమిదో తరగతి పిల్లలు దీన్ని చప్పున అందుకుంటారు. కాకపోతే మాటతో వదిలేస్తే రెండు రోజుల్లో జారిపోతుంది, కళ్లతో చూపించాలి. మీ బడి వరండాలోనో మెట్ల దగ్గరో పక్కకు జరిపే ఇనుప గేటు ఉండే ఉంటుంది, పట్టీలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి డైమండ్ గళ్లు కనిపించేది. దాన్ని మెల్లగా లాగండి. గడి సన్నగా నిలువుగా ఉన్నది కాస్త వెడల్పవుతుంది. పట్టీల పొడవు మారదు, కోణం మాత్రం మారుతూ ఉంటుంది. ఒక దశలో ఆ కోణం 90 డిగ్రీలవుతుంది. అక్కడ ఆపి పిల్లల్ని అడగండి: ఇంతవరకు రాంబస్ అన్నాం కదా, ఈ ఒక్క క్షణం రాంబస్ కాకుండా పోయిందా? ఇంకొంచెం లాగితే మళ్లీ రాంబస్ అయిందా? గేటు అంతదాకా సాగకపోతే నాలుగు సమానమైన చీపురుపుల్లలను మూలల్లో దారంతో వదులుగా కట్టినా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు మీ జ్ఞాపకం సంగతి. 21 చుక్కల ముగ్గును చూడకుండా వేసే మనిషికి మతిమరుపు ఉందంటే నేను నమ్మను. ముగ్గు మీ బుర్రలో ఫొటోగా లేదు. ఎన్ని చుక్కలు, సందు చుక్కా (రెండు చుక్కల నడుమ వచ్చేది) ఎదురు చుక్కా (చుక్కకు సూటిగా వచ్చేది), ఎంత వచ్చే వరకు, ఏ చుక్క నుంచి ఏ చుక్కకి అన్న పద్ధతిగా ఉంది. ఆకారాల పేర్లను మాత్రం మీరు ఫొటోల కింద అంటించిన చీటీల్లా పెట్టుకున్నారు. చీటీలు ఊడిపోతాయి, ఒకదాని చీటీ ఇంకోదాని కిందకు వెళ్తుంది. రాంబస్ ఫొటో, ట్రెపీజియం ఫొటో రెండూ "ఏదో వాలినట్టున్న నాలుగు గీతలు" కాబట్టి ఆ రెండే ఎక్కువ తారుమారవుతాయి.

నెదర్లాండ్స్‌లో పియెర్ వాన్ హీలే, డీనా వాన్ హీలే అని భార్యాభర్తలు ఉండేవారు. ఇద్దరూ బడి టీచర్లు. పిల్లలకు జ్యామితి ఎందుకు ఎక్కదో గమనించి 1957లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి పరిశోధన గ్రంథాలు సమర్పించారు. వాళ్లు చెప్పినది స్థూలంగా ఇది. మొదటి మెట్టు మీద మనిషి ఆకారాన్ని మొత్తంగా చూసి గుర్తుపడతాడు, "తలుపులా ఉంది కాబట్టి దీర్ఘచతురస్రం" అన్నట్టు. రెండో మెట్టు మీద గుణాలు చూస్తాడు: ఎన్ని భుజాలు సమానం, ఏవి సమాంతరం, కోణాలెంత. మూడో మెట్టు మీద ఆ గుణాల మధ్య సంబంధం చూస్తాడు, చతురస్రం రాంబస్ ఎందుకవుతుందో అక్కడే తెలుస్తుంది. ఆ పైన ఇంకా మెట్లున్నాయి, అవి మనకిప్పుడు అక్కర్లేదు. వేరు వేరు మెట్ల మీద ఉన్న ఇద్దరు ఒకే మాట వాడినా ఒకరిది ఒకరికి అర్థం కాదని కూడా వాళ్లన్నారు. ఆరోజు మీ క్లాసులో జరిగింది అదే. ఆ అబ్బాయి మూడో మెట్టు మీద నిలబడి అడిగాడు. మీరు గాభరాలో మొదటి మెట్టు మీద నుంచి జవాబిచ్చారు. మీకు మూడో మెట్టు తెలియక కాదు, బీఎస్సీ లెక్కలు చదివిన మనిషి. పేర్లను మాత్రం ఆ మెట్టు దాకా ఎప్పుడూ తీసుకెళ్లలేదు, అంతే.

మీరు మొదటి మెట్టు మీదున్నారో లేదో తెలుసుకోవాలంటే ఒక చతురస్రం గీసి కాగితాన్ని 45 డిగ్రీలు తిప్పండి, మూల మీద నిలబడేలా. పేరు మార్చాలనిపించిందా? చాలామందికి అనిపిస్తుంది. పుస్తకాల్లో బొమ్మలన్నీ అడుగు గీత నేలకు అంటుకున్నట్టే వేస్తారు. అది పుస్తకాల తప్పు, పిల్లలది కాదు.

అందుకని మీకు నేనిచ్చే సలహా ముగ్గుతోనే మొదలవుతుంది. చుక్కల మధ్య 2 సెంటీమీటర్ల ఎడంతో కాగితం మీద 7 చుక్కల వరుస పెట్టండి. ఎదురు చుక్కతో పైకీ కిందకీ 5, 3, 1 అని తగ్గించుకుంటూ వెళ్లండి, వరుసల మధ్య కూడా 2 సెంటీమీటర్లే. అంచు చుక్కలు కలపండి. మూల మీద నిలబడ్డ చతురస్రం వస్తుంది. ఇంకో కాగితం మీద అదే 7 చుక్కలకు సందు చుక్కతో 6, 5, 4 అంటూ రెండు వైపులా 1 వచ్చే వరకు వెళ్లండి. ఈసారి వరుసల మధ్య ఎడం కొంచెం తగ్గాలి, సుమారు 1.7 సెంటీమీటర్లు, అప్పుడే పక్క చుక్కకూ పై చుక్కకూ దూరం ఒకటే అవుతుంది. అంచులు కలిపితే నిలువుగా సాగిన రాంబస్ వస్తుంది. పై మూల, కింది మూల 60 డిగ్రీలు, పక్క మూలలు 120. రెండు బొమ్మల్లోనూ నాలుగు భుజాలు సమానమే. తేడా ఎక్కడుందో మీ వేళ్లకే తెలుస్తుంది.

ఇక ఆడుకోండి. సందు చుక్కను 1 దాకా తీసుకెళ్లకుండా రెండు వైపులా 4 దగ్గర ఆపితే భుజాలన్నీ సమానమైన షడ్భుజి. పై సగం మాత్రం ఉంచి 4 దగ్గర ఆపితే, అంటే 7, 6, 5, 4 అయితే, ఒక జత భుజాలు సమాంతరంగా ఉండే ట్రెపీజియం. పై సగాన్ని 1 దాకా తీసుకెళ్తే సమబాహు త్రిభుజం. తగ్గించకుండా ప్రతి వరుసలోనూ 5 చుక్కలే ఉంచి, ఒక్కో వరుసనూ సందు మేర కుడికి జరుపుకుంటూ 3 వరుసలు పెడితే సమాంతర చతుర్భుజం. అదే 5 వరుసలు చేస్తే రాంబస్ అయిపోతుంది. ఒకే వరుసకు పై వైపు సందు చుక్క, కింది వైపు ఎదురు చుక్క పెట్టి రెంటినీ 1 దాకా తీసుకెళ్తే పుస్తకంలో కైట్ అని పిలిచే ఆకారం. పైన రెండు భుజాలు సమానం, కింద రెండు సమానం. మన సంక్రాంతి గాలిపటాలు చాలావాటికి నాలుగు వైపులా దాదాపు సమానమే ఉంటాయి, కాబట్టి 'కైట్ అంటే గాలిపటం' అని మాత్రం చెప్పి వదిలేస్తే పిల్లలు మళ్లీ ఇరుక్కుంటారు.

ఇలా వేసిన ఆకారం పేరు మర్చిపోయినా ఎలా పుట్టిందో గుర్తుంటుంది, దాన్ని పట్టుకుని పేరు దగ్గరకు రావచ్చు. సాయంత్రాలు ఒక వారం దీనికి కేటాయిస్తే చాలనుకుంటాను.

పేర్ల విషయానికొస్తే, తెలుగు మీడియంలో చదవడం మీకు అడ్డమైందని మీరనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. పంచభుజి, షడ్భుజి, సప్తభుజి, అష్టభుజి, దశభుజి మీకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. పెంటా, హెక్సా, హెప్టా, ఆక్టా, డెకా గ్రీకు అంకెలు. గ్రీకు, సంస్కృతం ఒకే కుటుంబం భాషలు కావడంతో ఆ అంకెలకూ మన వాటికీ పోలిక ఉంది. హెప్టా, సప్త పక్కపక్కన పెట్టి పైకి పలకండి: ఒకదాంట్లో 'ప్టా', రెండోదాంట్లో 'ప్త'. ఇక హెక్సాగన్‌తో తికమక ఉండదు. ఆక్టాకు అష్ట, డెకాకు దశ. పారలలోగ్రామ్‌లో పారలల్ ఉండనే ఉంది. రోడ్డు మీద ఎర్రటి స్టాప్ బోర్డుకు ఎనిమిది భుజాలని పిల్లలకు చూపిస్తే ఆక్టాగన్ పని అయిపోయినట్టే.

తమ గురించి తాము చెప్పని పేర్లు మిగిలేవి రెండే, రాంబస్, ట్రెపీజియం. ట్రెపీజియాన్ని తెలుగు పుస్తకాల్లో సమలంబ చతుర్భుజం అన్నారు. పై రెండు మూలల నుంచి అడుగు గీత మీదకు లంబాలు దించితే రెండూ సమానం, అందుకని సమలంబం. ఒక జత భుజాలు సమాంతరంగా ఉన్నాయనడానికి అంతకంటే ఏం కావాలి? ఇది పట్టుకుంటే ఇక మిగిలింది రాంబస్ ఒక్కటే, దాన్ని "నాలుగూ సమానం" అని బట్టీ పట్టండి. ఒక్క పేరు బట్టీ పడితే నేరం కాదు.

యూట్యూబ్ చూసి తయారయ్యేవాళ్లకు ఒక హెచ్చరిక. అమెరికా వీడియోల్లో మన ట్రెపీజియాన్ని ట్రెపజాయిడ్ అంటారు. వాళ్లు ట్రెపీజియం అంటే ఏ రెండు భుజాలూ సమాంతరం కాని చతుర్భుజం. మీ తికమకలో కొంత ఇక్కడి నుంచి వచ్చి ఉండవచ్చు. ఇంకొకటి, ట్రెపీజియానికి "ఒకే ఒక్క జత సమాంతర భుజాలు" అని కొన్ని పుస్తకాలు, "కనీసం ఒక జత" అని కొన్ని పుస్తకాలు రాస్తాయి. మొదటి దాని ప్రకారం సమాంతర చతుర్భుజం ట్రెపీజియం కాదు, రెండో దాని ప్రకారం అవుతుంది. మీ పిల్లల పుస్తకంలో ఏ మాట ఉందో ముందే చూసి పెట్టుకోండి. ఆ అబ్బాయి తర్వాత అడగబోయే ప్రశ్న ఇదే అని నా అనుమానం.

తొట్లకొండ సంగతి కూడా ఇలాంటిదే. తెలుగు లెక్కల పుస్తకంలో స్థూపం అంటే సిలిండరే, మీరు చెప్పింది నిజం. బౌద్ధుల స్థూపం వేరు, గుండ్రని వేదిక మీద అర్ధగోళంలాంటి గుమ్మటం. ఒకే మాట రెండు చోట్ల రెండు పనులు చేస్తోంది. ఆ అమ్మాయి కళ్లు సరిగ్గా పనిచేస్తున్నాయి, మెచ్చుకోండి. సిలిండర్ చూపించాలంటే బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ దగ్గరకు తీసుకెళ్లి, ముక్కూ తోకా వదిలేసి మధ్య భాగం చూపించవచ్చు.

ఆ చీటీ మాత్రం ఆపండి. చేతిలో ఉందన్న ధైర్యమే బుర్రకు సెలవిచ్చేస్తుంది. చీటీని చూసి చదివితే వచ్చినట్టు అనిపిస్తుంది, చూడకుండా చెప్పాల్సి వచ్చినప్పుడే వచ్చిందో లేదో తెలుస్తుంది. పది అట్టముక్కలు తీసుకుని ఒక వైపు లక్షణాలు, రెండో వైపు పేరు రాయండి. లక్షణాలు చూసి పేరు, పేరు చూసి లక్షణాలు, రెండు వైపుల నుంచీ. తప్పినవి మర్నాడు మళ్లీ, తర్వాత మూడు నాలుగు రోజులకు ఇంకోసారి. సర్కారు బడుల పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో అచ్చయినవి ఉన్నాయి. తెలిసిన టీచర్లెవరైనా ఉంటే ఎనిమిదో తరగతిది ఒకటి అడిగి తెచ్చుకోండి. రెండు భాషల్లో పక్కపక్కన చదువుకుంటే మీకు చాలా తేలిక.

ఇక క్లాసు. మీ ముందు మూడు దార్లు కనిపిస్తున్నాయి.

ఏమీ ఎరగనట్టు ఊరుకోవచ్చు. చాలామంది అదే చేస్తారు. నవ్వినవాళ్లు నెలలో మర్చిపోతారు కూడా. చిక్కేమిటంటే "ప్రతి చతురస్రం రాంబస్ అవుతుంది, తప్పా ఒప్పా" అన్న బిట్ యూనిట్ టెస్టులో వస్తే, మీ మాట నమ్మిన పిల్లలు తప్పు అని రాస్తారు. అప్పుడు మార్కులు వాళ్లవి పోతాయి, తల్లిదండ్రులు వస్తారు. ఈ దారి ఇవాళ తేలిక, రేపు ఖరీదు.

ఆ అబ్బాయిని విడిగా పిలిచి "నువ్వు చెప్పిందే కరెక్టు నాన్నా" అనొచ్చు. వాడు పొంగిపోతాడు, మీకూ తేలికపడుతుంది. మిగిలిన క్లాసు దగ్గర మాత్రం తప్పు జవాబు అలాగే ఉంటుంది.

లేదా ఆ ప్రశ్ననే పాఠంగా మార్చొచ్చు. "మొన్నటి ప్రశ్న మంచిది. నేను తొందరపడి కాదన్నాను. ఇవాళ అదే చూద్దాం రండి" అని క్లాసును గేటు దగ్గరకు తీసుకెళ్లడం. రెండు వాక్యాలు చాలు, అంతకు మించి సంజాయిషీ వద్దు. వాణ్ని ముందుకు పిలిచి నిలబెట్టొద్దు కూడా, తోటివాళ్లు ఏడిపిస్తారు. నష్టం లేకపోలేదు. ఒకరిద్దరు కిసుక్కుమంటారు. ఒకడెవడో ఇంటి నుంచి కష్టమైన ప్రశ్న తెచ్చి మిమ్మల్ని పరీక్షిస్తాడు. దానికి "నాకిప్పుడు తెలియదు, రేపు చెబుతాను" అన్న మాట సిద్ధంగా ఉంచుకోండి. మర్నాడు వాళ్లు గుర్తుచేయకముందే జవాబు చెప్పండి. చెప్పకుండా దాటేస్తే మాత్రం ఈ మాట మీకే ఎదురు తిరుగుతుంది. నాకు ఈ దారే నచ్చుతుంది. కానీ క్లాసు ముందు నిలబడాల్సింది మీరు, ఈ వారం మీ మనసు దానికి సిద్ధంగా లేకపోతే ముందు గేటు పాఠం చెప్పేసి, ఆ రెండు వాక్యాలు చివర్లో అన్నా ఏమీ పోదు.

మీవారి మాట గురించి. "మానెయ్" అన్నది మీ ఏడుపు చూడలేక అన్న మాటలా ఉంది, అందులో "ఇంత చిన్నదానికా" అన్న పోటు కూడా ఉంది. పోటు గురించి వాదించి లాభం లేదు. ఆయనకొక పని చెప్పండి. రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు ఆ అట్టముక్కలు పట్టుకుని అడగమనండి. నాలుగు ముక్కలయ్యేసరికి ట్రెపీజియం దగ్గర ఆయన కూడా తడబడతారు. అది అంత చిన్న విషయమేమీ కాదని తెలియడానికి అంతకంటే మంచి ఉపాయం నాకు తోచలేదు. జీతం ఇంటికి ఎంత అవసరమో మీరు రాయలేదు. అది మీ ఇద్దరూ విడిగా, ఏడుపు లేని రోజున మాట్లాడుకోవాల్సిన సంగతి.

సీనియర్ మాస్టారు మంచి మనసుతోనే అని ఉండొచ్చు. కానీ చిన్న క్లాసులకు వెళ్తే ఆకారాలు వదలవు. ఆరో తరగతిలో ఇవే పేర్లు, ఇవే బొమ్మలు ఉంటాయి, పైగా ఆ వయసు పిల్లలు ఇంకా ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. చేరిన ఏడాదే ఎనిమిది వదులుకుంటే ఆఫీసు రూములో "ఈమె పై తరగతులు తీయలేదు" అన్న ముద్ర పడుతుంది, వచ్చే ఏడాది అది తుడవడం మీకే కష్టం. క్లాసు ఇచ్చేయకుండా ఆయన సాయం తీసుకునే మార్గం ఉంది. "మాస్టారూ, ఈ పాఠం మీరెలా చెబుతారో ఒక పీరియడ్ వెనక కూర్చుని చూస్తాను" అని అడగండి. సరే అంటే మీకు ఒక మంచి పాఠం దొరుకుతుంది, ఆయన ఉద్దేశమూ తెలుస్తుంది. అలా కాక మీకు నిజంగానే తిండీ నిద్రా కరువైతే ఈ ఒక్క పాఠం వరకే ఆయన చెప్పేలా, తర్వాతి పాఠం నుంచి క్లాసు మళ్లీ మీదేనని ప్రిన్సిపాల్ ముందే మాట అనుకుని ఇవ్వండి. గడువు లేకుండా మాత్రం ఇవ్వకండి.

ఏది చేసినా యూనిట్ టెస్టు పేపర్లు దిద్దేదాకా ఆగి నిర్ణయించుకోండి. పేపర్లు దిద్దేటప్పుడు చతుర్భుజాల బిట్లు విడిగా లెక్కపెట్టండి. క్లాసులో ఎంతమంది చతురస్రం రాంబస్ అవుతుందని రాశారో చూస్తే, మానేయాలా వద్దా అన్నదానికి నా ఉత్తరం కంటే ఆ పేపర్లే సరైన జవాబు చెబుతాయి.